పిలుపు వచ్చిన రోజు

(అమెరికాలోని ఒక యూనివర్సిటీలో తెలుగు విద్యార్థులు జరుపుకున్న సంక్రాంతి సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

బయట మంచు కురుస్తోంది, లోపల ముగ్గులు మెరుస్తున్నాయి. గొబ్బెమ్మలు దొరక్కపోయినా వాటి చోట బంతిపూలు పెట్టిన చెల్లెళ్లను ముందుగా మెచ్చుకోవాలి. పాటలకూ భోజనాలకూ మధ్య నాకు కాసేపు టైమ్ ఇచ్చారు. సూటిగా విషయంలోకి వస్తాను.

హాల్లోకి వచ్చేటప్పుడు తలుపు పక్కన ఒక టేబుల్ చూసే ఉంటారు. దాని మీద కవర్లు, దూది పుల్లలు పెట్టుకొని ఇద్దరు కూర్చున్నారు. "కోవిడ్ టెస్టా అక్కా?" అని ఒక తమ్ముడు అడిగాడు. కాదమ్మా. అది ఎముక మూలుగ దాతల రిజిస్ట్రీలో, అంటే ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్ల జాబితాలో, పేరు రాయించుకునే టేబుల్.

మూలుగ అంటే మనకు కొత్త కాదు. మాది హనుమకొండ. ఆదివారం మటన్ కూర వండితే మూలుగ బొక్క ఎవరి పళ్లెంలో పడుతుందా అని అన్నయ్యకూ నాకూ ప్రతివారం గొడవే. ఆ బొక్కలో మెత్తగా ఉంటుందే, అదే మూలుగ. పుస్తకాల్లో ఎముక మజ్జ అంటారు. మన ఒంట్లోని ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ తయారయ్యేది అక్కడే. వాటికి తల్లిలాంటివి మూలకణాలు. వెన్నుపాముకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, "వెన్నులోంచి తీస్తారటగా, కాళ్లు పడిపోతాయటగా" అనే భయం దగ్గరే మనవాళ్లలో సగం మంది ఆగిపోతారు. సూది వెన్నులోకి వెళ్లదు.

ల్యుకేమియా లాంటి రక్త క్యాన్సర్లు, తలసేమియా, సికిల్ సెల్, మూలుగే పనిచేయని అప్లాస్టిక్ ఎనీమియా, ఇలాంటి జబ్బులు ముదిరితే చాలామందికి మిగిలే దారి మార్పిడి ఒక్కటే. రోగి పాడైన మూలుగను కీమోతో, ఒక్కోసారి రేడియేషన్‌తో పూర్తిగా తీసేసి, ఇంకొకరి మూలకణాలను రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అవే దారి వెతుక్కుంటూ ఎముకల్లోకి వెళ్లి కుదురుకుంటాయి. ఈ వైద్యానికి బాట వేసిన డాక్టర్ డోనల్ థామస్‌కి 1990లో నోబెల్ ఇచ్చారు. మన దేశంలో మొదటి మార్పిడి ముంబై టాటా మెమోరియల్‌లో 1983లో జరిగింది. అంటే ఇది ప్రయోగాల దశలో ఉన్న వైద్యం కాదు, మనలో చాలామంది వయసు కంటే దాని వయసే ఎక్కువ.

మరి చిక్కు ఎక్కడ? ఎవరి మూలుగ పడితే వాళ్లది పనికిరాదు. రక్తం గ్రూపు కలిస్తే చాలదు. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అని కొన్ని గుర్తులుంటాయి. ఒంట్లో చేరింది మనదా పరాయిదా అని ఒళ్లు తేల్చుకునేది వాటిని చూసే. నాన్న దగ్గర రెండు చీటీలు ఉన్నాయనుకోండి, అమ్మ దగ్గర రెండు. పుట్టే ప్రతి బిడ్డకూ నాన్న తన రెండింట్లో ఒకటి ఇస్తాడు, అమ్మ తన రెండింట్లో ఒకటి ఇస్తుంది. నాకు పడిన రెండు చీటీలే మా అన్నకూ పడ్డాయా అంటే, నాలుగింట ఒక వంతు అవకాశం. అమ్మానాన్నలతో మామూలుగా సగమే కలుస్తుంది. మా అమ్మమ్మ తరంలో ఏడుగురు, ఎనిమిది మంది పిల్లలుండేవాళ్లు, ఎవరో ఒకరితో కలిసే అవకాశం బాగానే ఉండేది. ఈ హాల్లో ఎంతమందికి ఇద్దరి కంటే ఎక్కువ తోబుట్టువులున్నారు? చేతులెత్తండి. చూశారా, నాలుగు చేతులు. ఇద్దరున్నా, వాళ్లలో ఒక్కరితోనైనా పూర్తిగా కలిసే అవకాశం 44 శాతం దగ్గరే ఆగిపోతుంది. ఒక్కరే ఉంటే 25. ఒక్కగానొక్క బిడ్డ అయితే ఆ దారే లేదు. ఇంట్లో దొరకనప్పుడు బయటివాళ్లలో వెతకాలి. ఆ వెతుకులాట కోసమే రిజిస్ట్రీలు. ఇక్కడి జాతీయ రిజిస్ట్రీ, ఎన్‌ఎండీపీ, 1986లో మొదలైంది. కొన్నేళ్లు 'బీ ద మ్యాచ్' అనే పేరుతో నడిచింది, ఆ పేరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

ఇప్పుడు ఒక లెక్క చెప్తాను. ఇవాళ లెక్కలు ఎక్కువ చెప్పను, ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి చాలు. 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ రిజిస్ట్రీ మీద ఒక అధ్యయనం వచ్చింది. యూరప్ మూలాలున్న తెల్లవాళ్లకు పూర్తిగా కలిసే దాత దొరికే అవకాశం 75 శాతం. ఆఫ్రికన్ అమెరికన్లకు 19. మనలాంటి దక్షిణాసియా వాళ్లకు 33. రిజిస్ట్రీలో పేరున్నంత మాత్రాన దాత ఉన్నట్టు వాళ్లు లెక్కేయలేదు. పిలిస్తే నిజంగా అందుబాటులోకి వచ్చేవాళ్లు ఎందరన్నది కూడా కలిపి చూశారు. ఈ చివరి మాట దగ్గరికి మళ్లీ వస్తాను, నేను చెప్పదలుచుకున్నదంతా అందులోనే ఉంది.

ఇండియాలో నూట నలభై కోట్ల మందిమి ఉండి, ఇక్కడ ఈ రిజిస్ట్రీలో మనం మైనారిటీ. మన రోగులకు దాతలు తక్కువ కావడానికి అదొక కారణం. ఇంకో కారణం మన పెళ్లిళ్లు. ఎన్నో వందల ఏళ్లుగా మనం ఎవరి వర్గంలో వాళ్లమే పెళ్లిళ్లు చేసుకుంటూ వస్తున్నాం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో పనిచేసిన తంగరాజ్ గారు, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ గారు కలిసి చేసిన పరిశోధనలు ఇది ఎంత పాత అలవాటో జన్యువుల్లోనే చూపించాయి. 2017లో వచ్చిన వాళ్ల పేపర్లో మన తెలుగు ప్రాంతాల వైశ్యుల ఉదాహరణ కూడా ఉంది. ఆ వర్గంలో కొందరికి ఆపరేషన్‌లో మత్తుతో పాటు కండరాలు సడలడానికి ఇచ్చే కొన్ని మందుల ప్రభావం మామూలు కంటే చాలాసేపు ఉండిపోతుందని మన అనస్థీషియా డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. కులం పేరెత్తడం నాకు ఇష్టం ఉండి కాదు, విషయం అక్కడుంది కాబట్టి చెప్తున్నాను. పక్క పక్క వీధుల్లో పుట్టి పెరిగినా ఒక్కో వర్గం వాళ్ల జన్యువులు మాత్రం వేర్వేరు దారుల్లో వచ్చాయి. అందుకే 'ఇండియన్లు చాలామంది చేరారు కదా' అనుకుంటే సరిపోదు. ఒక గోదావరి జిల్లా పిల్లకు పంజాబీ దాతతో కలిసే అవకాశం తక్కువ. ప్రతి ప్రాంతం నుంచీ, ప్రతి వర్గం నుంచీ, ప్రతి మతం నుంచీ మనుషులు రావాలి. మేనరికాలున్న ఇళ్లలోనైతే తోబుట్టువులతో ఆగకుండా మేనత్త పిల్లలనూ మేనమామ పిల్లలనూ కూడా పరీక్షించమని డాక్టర్లు అడుగుతుంటారు. కారణం ఇదే.

ఆఫ్రికన్ అమెరికన్ల 19 గురించి కూడా ఒక్క మాట. మనుషుల్లో జన్యు వైవిధ్యం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో. కాబట్టి వాళ్లకు సరిజోడు దొరకడం ఇంకా కష్టం. సికిల్ సెల్‌తో నొప్పులు భరిస్తున్న పిల్లలు వాళ్లలో ఎందరో ఉన్నారు. బ్రిటన్‌లో ల్యుకేమియా వచ్చిన డేనియల్ డిగేల్ అనే చిన్న పిల్లాడి కోసం అమ్మానాన్నలు 1996లో ఒక సంస్థ పెట్టి, నల్లజాతి వాళ్లను రిజిస్ట్రీలో చేర్చడానికి ఊరూరా తిరిగారు. మూడేళ్లకు, 1999లో దాత దొరికింది. మేం క్యాంపస్‌లో ఈ పని చేసిన రోజుల్లో మా టేబుల్ పక్కనే నల్లజాతి విద్యార్థుల సంఘం టేబుల్ ఉండేది. కవర్లు అయిపోతే వాళ్ల దగ్గర తెచ్చుకునేవాళ్లం, పెన్నులు అయిపోతే మా దగ్గరికి వచ్చేవాళ్లు. మీరు కూడా ఒక్కరే చేయకండి, వాళ్లతో కలిసి చేయండి.

ఈ పనిలో విద్యార్థులది ఎప్పుడూ పెద్ద పాత్రే. డాక్టర్లు దాతల్లో వయసు తక్కువ ఉన్నవాళ్లను కోరుకుంటారు. రిజిస్ట్రీలో చేరడానికి ఇక్కడ 18 నుంచి 40 వరకు వయసుండాలి. వైద్యులు ఎక్కువగా పిలిచేది 35 లోపు వాళ్లనే. ఆ వయసు వాళ్లందరూ ఒకే చోట దొరికేది కాలేజీలో. బ్రిటన్‌లో 1998లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీ విద్యార్థులు మొదలుపెట్టిన 'మారో' అనే బృందం ఇవాళ ఎన్నో యూనివర్సిటీల్లో ఉంది. ఆంథొనీ నోలన్ అనే సంస్థతో కలిసి పనిచేస్తుంది. అక్కడ చదువుకుంటున్న మీ ఫ్రెండ్స్‌కి చెప్పండి. ఇక్కడ కాలిఫోర్నియాలో ఆసియా వాళ్ల కోసం 1989 నుంచే ఒక సంస్థ పనిచేస్తోంది.

మనవాళ్ల మధ్య పెద్ద కదలిక 2007లో వచ్చింది. ఇద్దరు భారత సంతతి యువకులు, ఒకరు వ్యాపారవేత్త, ఒకరు డాక్టర్. ఇద్దరికీ ల్యుకేమియా, ఇద్దరికీ రిజిస్ట్రీలో దాత లేడు. స్నేహితులు ఊరుకోలేదు. ఈమెయిళ్లు, బ్లాగులు, అప్పుడప్పుడే వస్తున్న ఫేస్‌బుక్, గుళ్లు, ఆఫీసులు, కాలేజీలు, ఏదీ వదల్లేదు. 11 వారాల్లో 24,611 మంది దక్షిణాసియా వాళ్లను చేర్పించారు. ఇద్దరికీ దాతలు దొరికారు, మార్పిడులు జరిగాయి. కానీ 2008లో ఇద్దరూ చనిపోయారు. మార్పిడి జరిగిన ప్రతి ఒక్కరూ బతుకుతారని నేను మీకు చెప్పను. అది అబద్ధం అవుతుంది. దాత దొరికితే రోగికి పోరాడే అవకాశం వస్తుంది. ఆ అవకాశం కూడా దక్కకుండా పోయేవాళ్లు మనలో ఎక్కువ మంది ఉన్నారు, నా బాధంతా అదే.

ఇక మా సంగతి. నేను 2014లో ఎమ్మెస్‌కి వచ్చాను. ఈ క్యాంపస్ కాదు, వేరేది. ఆ మరుసటి ఏడాది దీపావళి రాత్రి దాతలను చేర్చడానికి మేం ఒక పెద్ద డ్రైవ్ పెట్టాం. దూది పుల్లతో బుగ్గలోంచి స్వాబ్ ఇచ్చిన ప్రతి ఒక్కరికీ రెండు పిజ్జా ముక్కల కూపన్. హాలు కిటకిటలాడింది. డీజే సౌండ్‌లో మేం ఏం చెప్తున్నామో ఎవరికీ వినపడలేదు, మేం కూడా పట్టించుకోలేదు. "బ్రో, రెండు నిమిషాలు, ఇక్కడ సంతకం పెట్టు, ఇలా బుగ్గలో తిప్పు" అంతే. రాత్రి పదకొండింటికి లెక్క చూస్తే 180 కవర్లు దాటాయి. మా ఆనందానికి హద్దు లేదు. ఆ ఫొటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. అందరం కవర్ల దొంతర ముందు చేతులెత్తి నిలబడ్డాం.

రెండేళ్ల తర్వాత ఒక రోజు నాకు ఫోన్ వచ్చింది. ఆ రాత్రి మాకు స్వాబ్ ఇచ్చిన తమ్ముడే. "అక్కా, ఎవరో ఫోన్ చేసి నేను ఎవరికో మ్యాచ్ అయ్యానంటున్నారు. స్కామ్ కాదు కదా?" అన్నాడు. కాదని చెప్పాను, సంతోషంతో నా గొంతు వణికింది. అవతల కాసేపు మౌనం. "అక్కా, నేను ఆ రోజు పిజ్జా లైన్ అనుకొని నిలబడ్డాను. ఇది ఇంత పెద్ద విషయమని నాకు తెలియదు. ఇంట్లో చెప్తే నాన్న తట్టుకోలేడు, బీపీ ఉంది" అన్నాడు. నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పాను. రెండు రోజుల తర్వాత మెసేజ్ పెట్టాడు, వద్దని చెప్పేశానని.

ఆ అబ్బాయిని నేను ఒక్క మాట అనలేదు, ఇప్పటికీ అనను. అతనికి ఏం జరుగుతుందో చెప్పకుండా సంతకం పెట్టించింది మేం. తప్పు మాది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎక్కడో ఒక ఆస్పత్రిలో ఒక కుటుంబానికి 'ఒకరు కలిశారు' అని చెప్పి ఉంటారు. తర్వాత 'వీలు కాలేదు' అని చెప్పి ఉంటారు. మా 180 కవర్లలో ఇలాంటివి ఎన్ని?

తర్వాత చదివితే తెలిసింది, ఇది మా ఒక్క క్యాంపస్ గోల కాదు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు దీని మీద పనిచేశారు. పిలుపు వచ్చాక తప్పుకునేవాళ్లు తెల్లవాళ్లలో కంటే మైనారిటీ వర్గాల్లో ఎక్కువ. కారణాలు ఏమిటంటే ఆస్పత్రుల మీద అపనమ్మకం, మతపరమైన సందేహాలు, చేరేటప్పుడే మనసులో ఉన్న ఊగిసలాట. అంటే అసలే తక్కువ మందిమి ఉన్నాం, అందులో పిలిస్తే వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. 33 శాతం అన్నానే, అందులో ఈ బాధ కూడా కలిసే ఉంది.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. మొదటి ఫోన్‌లోనే వద్దంటే ఆస్పత్రి వాళ్లు ఇంకొకరిని వెతుకుతారు. వెతకడానికి ఉంటే. కానీ అన్ని పరీక్షలూ అయ్యాక, తేదీ ఖాయమయ్యాక, రోగికి కీమో మొదలుపెడతారు. ఆ కీమో అతని సొంత మూలుగను తుడిచేస్తుంది. ఆ తర్వాత దాత వెనక్కి తగ్గితే ఆ మనిషి బతకడం చాలా కష్టం. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. ఏ దశలోనైనా తప్పుకునే హక్కు మీకుంది, రిజిస్ట్రీ కూడా అదే చెప్తుంది. ఆ హక్కును ఇవాళే వాడుకోండి. మనసు ఒప్పకపోతే ఇవాళ ఆ టేబుల్ దగ్గరికి రాకండి. మీ మీద నాకు ఒక్క రవ్వ కూడా తక్కువ అభిప్రాయం కలగదు.

2018లో నాకు కూడా పిలుపు వచ్చింది. నేను ఆఫీసులో ఉన్నాను, తెలియని నంబర్. ఎత్తకపోయేదాన్నే, డెలివరీ వాళ్లేమో అని ఎత్తాను. యాభై దాటిన ఒక పురుషుడు, ల్యుకేమియా. అంతే చెప్పారు. పేరు, ఊరు చెప్పరు. నేను వెంటనే సరే అన్నాను, నేనే కదా ఇన్నాళ్లూ అందరికీ చెప్తూ వచ్చింది. అసలు పరీక్ష ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసినప్పుడు మొదలైంది.

అమ్మ ముందు ఏడ్చింది. తర్వాత కోప్పడింది. "ఎవడి కోసమో నీ ఒళ్లు నువ్వు పాడు చేసుకుంటావా? రేపు పిల్లలు పుట్టకపోతే? సంబంధాల వాళ్లకు తెలిస్తే ఏదో జబ్బు ఉందనుకుంటారు" అంది. నాకు కోపం వచ్చింది, ఫోన్ పెట్టేశాను. అది నేను చేసిన పెద్ద పొరపాటు. అమ్మవి మూర్ఖపు మాటలు కావు, ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. మర్నాడు మా మామయ్య, జిల్లా ఆస్పత్రిలో కాంపౌండర్‌గా చేసి రిటైరైన మనిషి, అమ్మ పక్కన కూర్చొని వీడియో కాల్‌లోకి వచ్చాడు. అరగంట మాట్లాడుకున్నాం. "అక్కా, రక్తం ఇచ్చినట్టే. పోయింది మళ్లీ ఊరుతుంది. బావిలో నీళ్లు తోడితే ఊరవా?" అన్నాడు. పిల్లలు పుట్టడానికీ దీనికీ సంబంధం లేదని కూడా ఆయనే చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు, కానీ వద్దనడం మానేసింది. మూడో రోజు తనే ఫోన్ చేసి, "సూది పొడిచే రోజు ఒక్కదానివే వెళ్లకు" అంది.

ఇక ఎలా ఇస్తారో చెప్తాను, ఇక్కడ ఒక్క ముక్క కూడా దాచను. మార్పిడుల్లో ఎక్కువ శాతం ఇప్పుడు రక్తం నుంచే తీసుకుంటారు, నాది కూడా అలాగే. ముందు ఐదు రోజుల పాటు రోజూ ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్. దానివల్ల మూలకణాలు ఎక్కువగా పుట్టి రక్తంలోకి వస్తాయి. మొదటి రోజు ఏమీ లేదు. మూడో రోజు నుంచి నడుము, తొడలు, రొమ్ము ఎముక లాగేసినట్టు నొప్పి. వైరల్ జ్వరంలో ఒళ్లు నొప్పులు ఎలా ఉంటాయో అలా. టైలెనాల్ వేసుకొని ఆఫీసుకి వెళ్లాను, ఒక రోజు మాత్రం మధ్యాహ్నమే ఇంటికొచ్చి పడుకున్నాను. ఐదో రోజు ఆస్పత్రిలో రెండు చేతులకూ సూదులు. ఒక చేతిలోంచి రక్తం మెషీన్‌లోకి వెళ్తుంది, మూలకణాలు వేరయ్యాక మిగతాది రెండో చేతిలోంచి వెనక్కి వస్తుంది. నాకు ఆరు గంటలు పట్టింది. ఒక చెయ్యి అస్సలు మడవకూడదు. ముక్కు దురద పెడితే ఫ్రెండ్ గోకింది, స్ట్రా పెట్టి జ్యూస్ తాగించింది. పెదాలు జివ్వుమంటుంటే నర్సు కాల్షియం ఇచ్చింది. చివర్లో పైన వేలాడుతున్న బ్యాగు చూపించారు, టమాటా చారు రంగులో ఉంది. అరచేయంత బ్యాగు. అది చేత్తో పట్టుకోవచ్చా అని అడిగాను, పట్టుకోనిచ్చారు. ఇంకా వెచ్చగా ఉంది. రెండు రోజుల్లో నొప్పులు పోయాయి.

కొందరికి రెండో పద్ధతి అవసరమవుతుంది, ముఖ్యంగా రోగి చిన్నపిల్లలైతే. మత్తు ఇచ్చి, తుంటి ఎముక వెనక భాగం నుంచి సూదితో మూలుగ తీస్తారు. కొన్నాళ్లు నడుము దగ్గర నొప్పి ఉంటుంది. తీసింది కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతుంది. రెండింట్లోనూ అరుదుగా ఇబ్బందులు రావచ్చు, మత్తువల్ల, లేదా ఇంజెక్షన్ల వల్ల ప్లీహం ఉబ్బడం లాంటివి. అందుకే ముందు ఒళ్లంతా పరీక్ష చేశాకే ఒప్పుకుంటారు. ప్రయాణం, హోటల్, ఆస్పత్రి, దేనికీ మీ జేబులోంచి ఒక్క డాలర్ కూడా పోదు.

ఆయన ఎవరో నాకు తెలియదు. కనీసం ఏడాది వరకు ఇద్దరి వివరాలూ గుట్టుగా ఉంచుతారు. ఆ తర్వాత ఇద్దరూ ఒప్పుకుంటేనే కలుపుతారు. ఆరు నెలలకు ఆయన బతికే ఉన్నారని కబురు వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. బస్సులో ఆ వయసు మనిషి పక్కన కూర్చుంటే ఇప్పటికీ ఒకసారి మొహం చూస్తాను.

ఆ తర్వాత మా బృందం పద్ధతి మార్చుకుంది. పిజ్జా కూపన్లు మానేశాం. డీజే ఉన్న చోట టేబుల్ పెట్టడం మానేశాం. స్వాబ్ ఇచ్చే ముందు ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడేవాళ్లం. మూడు ప్రశ్నలు అడిగేవాళ్లం. వచ్చే వారమే ఫోన్ వస్తే ఏం చేస్తావు? ఇంట్లో ఎవరికి ముందు చెప్తావు, వాళ్లు ఏమంటారు? ముక్కూ మొహం తెలియని మనిషికైనా ఇస్తావా, లేక నీ ఫ్రెండ్ మామయ్య కోసమేనా? మూడో ప్రశ్న దగ్గర చాలామంది ఆలోచనలో పడతారు. తెలిసిన రోగి కోసం పెట్టే డ్రైవ్‌కి జనం పోటెత్తుతారు, కానీ వాళ్ల స్వాబ్ కలిస్తే, దాదాపు ఎప్పుడూ ఆ రోగికి కాకుండా ఇంకెవరికో కలుస్తుంది. అది ముందే చెప్పాలి. కొందరు లేచి వెళ్లిపోయేవాళ్లు, థాంక్స్ చెప్పి పంపేవాళ్లం. ఆ ఏడాది మొత్తం మీద 40 మంది కూడా చేరలేదు. కొత్తగా వచ్చిన ప్రెసిడెంట్‌కి టెన్షన్, 'లెక్క పడిపోయింది' అని. పడిపోనివ్వమన్నాను.

చాలా చిన్న విషయం ఒకటి, ఎవరూ చెప్పరు. ఫారంలో కాలేజీ ఈమెయిల్ రాయకండి. డిగ్రీ అయిపోయాక అది మూసేస్తారు. మీకు తెలుసుగా, మనం ఏడాదికో అపార్ట్‌మెంట్ మారతాం, ఉద్యోగం రాగానే రాష్ట్రం మారతాం, ఫ్యామిలీ ప్లాన్ కోసం ఫోన్ నంబర్ మారుస్తాం. రిజిస్ట్రీ వాళ్లు ఫోన్ చేస్తే నంబర్ పనిచేయదు. మనసారా ఇవ్వాలనుకున్న మనిషి ఉంటాడు, చిరునామా ఉండదు. సొంత ఈమెయిల్ రాయండి, ఇంకో ఇద్దరి నంబర్లు ఇవ్వండి, అడ్రస్ మారినప్పుడు బ్యాంకుకి చెప్పినట్టే రిజిస్ట్రీకి కూడా చెప్పండి. మీ పేరు 61 ఏళ్లు వచ్చేదాకా అందులో ఉంటుంది.

ఇండియా వెళ్లిపోయేవాళ్లకు అక్కడా దారి ఉంది. చెన్నైలో 2009లో మొదలైన దాత్రి, బెంగళూరులో డీకేఎంఎస్ ఫౌండేషన్ ఇండియా, ఇవి రిజిస్ట్రీలు నడుపుతున్నాయి. మన తెలుగు రోగికి కలిసే మనిషి దొరికే అవకాశం అన్నిటికంటే ఎక్కువ ఉన్నది మన ఊళ్లలోనే. ప్రపంచ రిజిస్ట్రీలన్నీ కలిపితే నాలుగు కోట్లు దాటాయి, అందులో ఇండియా నుంచి ఉన్నవాళ్లు మన జనాభాతో పోలిస్తే చాలా కొద్దిమంది. వరంగల్‌లో, గుంటూరులో, కర్నూలులో మీ తమ్ముళ్లు చదువుతున్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లు రక్తదాన శిబిరాలు బ్రహ్మాండంగా చేస్తారు. వాళ్లను ఈ పనికీ పిలవండి.

ఎవరో చెయ్యి ఎత్తారు, అడగండమ్మా. ఆ, మంచి ప్రశ్న. ఇప్పుడు సగం కలిసినా మార్పిడి చేస్తున్నారు కదా, అమ్మో నాన్నో ఇవ్వొచ్చు కదా, ఇంకా ఈ రిజిస్ట్రీ ఎందుకు అని. నిజమే, జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు తెచ్చిన ఒక మందు పద్ధతి వల్ల సగం కలిసిన దాతలతో, పూర్తిగా కలవని బయటి దాతలతో కూడా ఇప్పుడు మంచి ఫలితాలు వస్తున్నాయి. మనలాంటి వర్గాలకు అది పెద్ద ఊరట. కానీ అమ్మానాన్నలకు వయసు మీద పడి ఉండొచ్చు, షుగర్ ఉండొచ్చు, పుట్టుకతో వచ్చిన జబ్బైతే ఇంట్లో మిగతావాళ్లకూ ఆ జన్యువు ఉండొచ్చు. అప్పుడు మళ్లీ వెతికేది ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ల కోసమే. ఎనిమిది హెచ్‌ఎల్‌ఏ గుర్తుల్లో ఏడు కలిసినా పర్వాలేదు అనే రోజు వస్తే, మీలో ప్రతి ఒక్కరూ ఇంకా ఎక్కువ మందికి పనికొస్తారు.

వెనక నుంచి ఇంకొకరు. వీసా మీద ఉన్నవాళ్లు చేరొచ్చా అని. రిజిస్ట్రీ చూసేది మీరు ఉండేది ఎక్కడ అని, మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిదని కాదు.

ఇక భోజనాలు పెట్టేస్తున్నట్టున్నారు, అరిసెల వాసన వస్తోంది. టేబుల్ ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. అరిసె తిన్నవాళ్లు నోరు పుక్కిలించి, అరగంట ఆగి రండి. అంతకంటే ముందు ఒక పని చేయండి. ఇండియాలో ఇప్పుడు ఉదయం ఆరున్నర. అమ్మ లేచి ముగ్గు పెట్టి ఉంటుంది. ఫోన్ చేసి, ఇక్కడ ఒక అక్క ఇలా చెప్పింది, నేను పేరు ఇవ్వాలనుకుంటున్నాను అని చెప్పండి. ఆమె వద్దంటే నా దగ్గరికి తీసుకురండి ఫోన్, నేను మాట్లాడతాను. మా మామయ్య నంబర్ కూడా నా దగ్గరుంది.